మారు వడ్డన

మా తోటికోడలి చెయ్యి మంచిదని అందరూ అంటారు. అనేవాళ్ల నోరు నేను మూయలేను గానీ, విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చదువుతూ చదువుతూ మధ్యలో ఎక్కడో నేను మారిపోతానని, పెద్దమనసు చేసుకుంటానని ఎవరూ ఆశపడి కూర్చోనక్కర్లేదు.

మా వైపు మంచి చెయ్యి అన్నమాటకు చాలా విలువ. డాక్టరుకు హస్తవాసి ఉండాలి. ఆవకాయ కలిపే ఆవిడకు ఉండాలి. చంటిపిల్లకు మొదటిసారి లాల పోసే ఆవిడకు ఉండాలి. రొయ్యల హేచరీలో కూడా ఉండాలని మాత్రం ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది. బాపట్ల అవతల, సముద్రం ఒడ్డున మా హేచరీ. తల్లి రొయ్య గుడ్లు పెట్టాక, కంటికి ఆనీ ఆనని పిల్లలు ట్యాంకులో కదలడం మొదలవగానే, మొదటి మగ్గు మేత ఎవరి చేత పోయించాలన్నది అక్కడ పెద్ద విషయం. చదువుకున్నవాళ్లు కూడా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చదువు పక్కన పెడతారు. ఏళ్ల తరబడి ఆ మొదటి మగ్గు నాది. ఒకసారి నేను సెలవు పెట్టి తెనాలి పక్కన అంగలకుదురులో మా అమ్మ దగ్గరుంటే, మేత పోయడానికి నా కోసం కారు పంపించారు. మా అమ్మ డ్రైవరుకు కాఫీ ఇచ్చింది. కాఫీ చల్లారిపోయినా, వీధిలో అందరూ ఆ కారును చూసేదాకా ఆయన్ని కదలనివ్వలేదు.

అంతటి చెయ్యి నాది. ఇంట్లో మాత్రం దానికి ఏ విలువా లేదు. నేను వండితే అందరూ తింటారు, లేస్తారు, చేతులు కడుక్కుంటారు. బాగుందని అనరు, బాలేదని కూడా అనరు. నేను ఉప్పు కొలిచి వేస్తాను, కారం కొలిచి వేస్తాను. కొలిచి వేస్తే తప్పేంటో నాకు ఇప్పటికీ తెలీదు.

మా మరిదికి సంబంధం చూడటానికి రేపల్లె వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కాం. పిల్ల వచ్చి కూర్చుంది, ప్రార్థన అయింది, మాటలయ్యాయి. భోజనానికి గోంగూరలో చిన్న రొయ్యలు వేసి వండిన కూర పెట్టారు. పిల్లే వండిందని వాళ్లమ్మ చెప్పింది. ఇలాంటి చోట అందరూ చెప్పే అబద్ధమే అనుకున్నాను. అంతలో మా ఆయన, నా చేత్తో పెట్టిన కూర జన్మలో రెండోసారి అడగని మనిషి, కంచం కాస్త ముందుకు జరిపి, "ఇంకొంచెం వేస్తావా అమ్మా" అన్నాడు. తిరుగు ప్రయాణంలో తెనాలి వచ్చేదాకా ఆ కూర గురించే మాట్లాడాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బయట పొలాలు తప్ప చూడటానికేమీ లేదు, అయినా చూస్తూనే ఉన్నాను.

ఆ అమ్మాయి మా ఇంటికి చిన్నకోడలిగా వచ్చింది. వచ్చిన వారానికే వంటిల్లు ఆమెదైపోయింది.

మా అత్తయ్యకు ఒక నియమం ఉంది. ఏ మనిషికీ ఒక్కసారి వడ్డించి ఊరుకోకూడదు. వద్దన్నా సరే, మారు వడ్డించి తీరాలి. ఒక్కసారి పెట్టి గిన్నె మూసేస్తే పరాయివాళ్లను పంపించేసినట్టని ఆవిడ పట్టుదల. కొత్త కోడళ్లకు మా ఇంట్లో మొదట నేర్పేది అదే. నేనూ నేర్చుకున్నాను. నియమం కాబట్టి ఒక గరిటె వేస్తాను. ఆమె వేసేటప్పుడు గిన్నె పట్టుకుని మనిషి పక్కన కాస్త వంగి, "ఇంత కొంచెం తిని లేస్తారా ఎక్కడైనా?" అంటుంది. ఆ ఒక్క మాటకే వాళ్ల మొహాలు విప్పారతాయి. ఆదివారం చర్చి అయ్యాక మా పాస్టరు అయ్యగారు భోజనానికి వస్తే నేను స్పష్టంగా చూశాను. నేను మారు వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆమె వడ్డించబోతే ఆ చెయ్యే తీసేశారు.

అలాంటి మనిషిని హేచరీలో పెట్టించింది ఎవరనుకున్నారు? నేనే. "మీ సార్‌తో చెప్పి చిన్నమ్మాయిని కూడా పెట్టించవే, ఇద్దరూ తోడుగా వెళ్లొస్తారు" అని అత్తయ్య పోరు పెట్టింది. చెప్పాను. మా మేనేజరు గారిని మేమంతా సార్ అంటాం. ఆయన సరేనన్నారు. నాకు ఇంట్లో ఆమెతో ఉన్న గొడవ సరిపోలేదని, పనిలోకి కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను.

అప్పుడే మా హేచరీకి సముద్ర దోసకాయలు వచ్చాయి. దోసకాయ అన్నారని పచ్చడి చేసుకునేది అనుకోవద్దు. సముద్రం అడుగున ఇసుకలో పొర్లే జీవి, చూడటానికి బాగా బలిసిన జలగలా ఉంటుంది. సముద్రంలో దాన్ని పట్టుకోవడం నేరం. మాకు పెంచి చూడటానికి అనుమతి వచ్చింది, తల్లి జీవాలను అధికారుల సమక్షంలోనే తెచ్చి దింపారు. ఇంట్లో చెబితే అత్తయ్య ముక్కు మీద వేలేసుకుంది.

"జలగల్ని పెంచుతారా? వాటినెవరు తింటారే?"

"చైనా వాళ్లు తింటారంట అత్తయ్యా."

"అయ్యో పాపం. చిన్నమ్మాయి గోంగూర తినలేదు వాళ్లు" అంది. సముద్ర దోసకాయ గురించి మాట్లాడుతున్నా సరే, చివరికి ఆ గోంగూర దగ్గరికే వచ్చింది.

గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వచ్చిన రోజు సార్ మా ఇద్దర్నీ పిలిచారు. ఒకే కాన్పు పిల్లల్ని రెండు ట్యాంకుల్లో పోశారు. ఒకటి నాకు, ఒకటి ఆమెకు. "ఈ పిల్లలు ట్యాంకులో దించే పలకలకు అంటుకునే దశ దాకా బతికితే, వీటికి విడిగా ఒక గది కట్టిస్తున్నారమ్మా. అందులో ఒక మనిషే ఉంటారు. ఎవరి ట్యాంకు బాగుంటే వాళ్లు. ఇంకొకరు ప్యాకింగుకి వెళ్లాలి" అన్నారు. ప్యాకింగు అంటే రొయ్య సీడును, అంటే అమ్మకానికి సిద్ధమైన రొయ్య పిల్లల్ని, సంచుల్లో పోసి, ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించడం. రోజంతా తడి నేల మీద నిలబడే పని. నేను అక్కడి నుంచే పైకి వచ్చాను. మళ్లీ అక్కడికి, అదీ ఆమె చేతిలో ఓడిపోయి వెళ్లడమంటే నాకు చావుతో సమానం.

ఈ పిల్లల్ని మైక్రోస్కోపులో చూస్తే ముచ్చటగా ఉంటాయి. గాజుతో చేసిన చిన్న చెవిలా ఉంటుంది ఒక్కొక్కటి. అంచంతా వంకీలు, మధ్యలో కడుపు. మేము వేసే మేత ఆల్గే, కంటికి గోధుమరంగు నీళ్లలా కనిపించే నాచు. అది తింటే కడుపు దగ్గర ఆ రంగు తేలుతుంది. ఏ పిల్ల తింది, ఏ పిల్ల తినలేదు అన్నది బయటికే తెలిసిపోతుంది. నా కడుపులో ఉన్నది కూడా అలా బయటికి కనిపించి ఉంటే నన్ను ఆ ట్యాంకుల దరిదాపులకు రానిచ్చేవాళ్లు కాదు.

మేత ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. జాడీలో ఆల్గే ఎంత చిక్కగా ఉందో చూసుకుని, దాన్నిబట్టి కొలిచి, ట్యాంకు చుట్టూ తిరుగుతూ సన్నటి ధారగా పోయాలి. మళ్లీ మేత వేసే వేళకు నీళ్లు తేటపడాలి. తేటపడకపోతే తినలేదని అర్థం. తినని మేత అడుగున చేరి కుళ్లుతుంది. రొయ్య పిల్లకు ఒక మగ్గు ఎక్కువైనా సర్దుకుంటుంది. వీటితో ఆ వేషాలు కుదరవు.

నేను కొలిచి పోశాను. ఆమె కూడా కొలిచే పోసేది, నా ఎదురుగా. అయినా ఆమె ట్యాంకులో పిల్లలు నా వాటి కంటే ముందు పెరిగాయి. బొద్దుగా, నీళ్ల పైపైన తేలుతూ, చూడగానే ముద్దొచ్చేలా తయారయ్యాయి. నావి బతికే ఉన్నాయి, అంతే. నా వంటలాగే, బాగున్నాయని ఎవరూ అనలేదు, బాలేదనీ అనలేదు. టిఫిన్ వేళ అందరూ ఆమె ట్యాంకు చుట్టూ మూగేవాళ్లు. కరెంటు పని చేసే ఆయన కూడా టార్చి వేసి చూసి, "ఈ అమ్మాయిది భలే చెయ్యి అండీ" అన్నాడు. మోటారు బాగు చేసుకోక ఈయనెందుకు తగుదునమ్మా అని వచ్చాడని లోపల తిట్టుకున్నాను. ఆ సాయంత్రం రొయ్యల వైపు కొత్త ట్యాంకుకు మొదటి మగ్గు పోయడానికి సార్ ఆమెను పిలిచారు. నేను పక్కనే, చేతులు కడుక్కుని సిద్ధంగా నిలబడి ఉన్నాను. ఆ తడి చేతులు చీర కొంగుకు తుడుచుకున్నాను.

అప్పటి నుంచి నాకు ఆమె ట్యాంకు మీద నుంచి కన్ను తిరగలేదు. నా ట్యాంకును ఎంత శ్రద్ధగా చూశానో, ఆమెదాన్ని అంతకంటే శ్రద్ధగా చూశాను. ప్రేమతో చూసేవాళ్లకు తప్పులు కనిపించవు. నాకు ఆ అడ్డు లేదు.

ఒక ఆదివారం ఉదయం డ్యూటీ నాది. ఆమె చర్చిలో పాటల బృందంలో పాడుతోంది, అదీ ముందు వరుసలో. నేను ఒక్కదాన్నే సముద్రం ఒడ్డున జాడీలు కడుగుతున్నాను. నా ట్యాంకు చూసుకుని, అలవాటు కొద్దీ ఆమె ట్యాంకు దగ్గరికి వెళ్లాను. నీళ్లు ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి. గాజు గొట్టంతో కొంచెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కడుపులు నల్లగా బిగిసిపోయాయి. పైపైన తేలాల్సిన పిల్లలు కొన్ని అడుక్కి దిగుతున్నాయి. అడుగు మసకమసకగా ఉంది. ఎవరో ఎక్కువ పోస్తున్నారు. ఎవరో ఏంటి, ఆమే పోస్తోంది.

నోరు మూసుకుని ఊరుకుంటే మర్నాటికి ఆ ట్యాంకు పోతుంది, గది నాదవుతుంది. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని చెబితే ఎవరూ నమ్మరు. అయితే దాన్ని వెనక్కి నెట్టింది మంచితనం మాత్రం కాదు. ట్యాంకు ఊరికే పోతే, పాపం చిన్నమ్మాయి ట్యాంకు పోయిందని అందరూ ఆమెను ఓదారుస్తారు. ఆ ఓదార్పు కూడా ఆమెకే దక్కుతుంది. అలా కాదు, ఆమె చెయ్యి మంచిది కాదని పదిమందిలో నా నోటితో చెప్పాలి. ఆమె ట్యాంకుకు ఆ పూట మేత ఆపేశాను. సూర్యలంక చూడటానికి వచ్చి తిరిగి వెళ్తున్న జనంతో నిండిపోయిన బస్సులో, ఎవరి పిల్లాడి తడి నిక్కరో నా చీరకు తగులుతుండగా, ఏమనాలో మాటలు కూర్చుకుంటూ ఇంటికి వచ్చాను.

అందరూ భోజనాలకు కూర్చున్నారు. అయ్యగారు కూడా ఉన్నారు. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"నీ ట్యాంకు పాడైపోతోంది" అన్నాను, చెప్పులైనా విప్పకుండా. "నీళ్లు తేటపడలేదు. పిల్లలు అడుక్కి దిగుతున్నాయి. కొలతకి మించి పోస్తున్నావా?"

ఆమె చేతిలో అన్నం ముద్ద ఆగిపోయింది. "కొలిచే పోస్తున్నానక్కా."

"మరి నీళ్లెందుకలా ఉన్నాయి?"

ఆమె తల దించుకుంది. "కొలిచి పోసేశాక, చుట్టూ తిరిగొచ్చి ఇంకొక్క చెంబు పోస్తానక్కా. ఒక్కసారే పెట్టి వచ్చెయ్యాలంటే నాకు చెయ్యి రావడంలేదు. మారు పెట్టకుండా ఎలా వెళ్లిపోను?"

మా అత్తయ్య కళ్లు మెరిశాయి. "విన్నారా అయ్యగారూ? పురుగులకి కూడా మారు వడ్డిస్తోందండి మా చిన్నమ్మాయి" అంది. అయ్యగారు పకపకా నవ్వి, ఎంత మంచి మనసమ్మా అన్నారు. మా ఆయన నవ్వాడు. మరిది మొహం వెలిగిపోయింది. నేను నేరం మోపుదామని వచ్చాను, వీళ్లు దండ వేశారు. చెప్పులతో గుమ్మంలో నిలబడ్డ నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు.

నవ్వనిది ఆమె ఒక్కతే. విస్తరిలో అన్నం అలాగే వదిలేసి, చెయ్యి కడుక్కుని, "పద అక్కా" అంది.

"ఎక్కడికి?"

"ట్యాంకు దగ్గరికి. నాకేం చెయ్యాలో తెలీదు. నువ్వు చెప్పు, నేను చేస్తాను."

నేను ఇంకా తినలేదు. ఆ మాట ఎవరికీ తట్టలేదు. ఆమెతో ఆటో ఎక్కి, ఖాళీ కడుపుతో మళ్లీ హేచరీకి వెళ్లాను. మధ్యాహ్నమంతా పైపు పెట్టి అడుగునున్న మడ్డి లాగాం. సన్నటి జల్లెడ గుడ్డలో పిల్లల్ని నిలబెట్టి, పాత నీళ్లు వదిలి, శుభ్రం చేసిన సముద్రపు నీళ్లు నింపాం. నేను చెప్పినట్టల్లా చేసింది. ఎదురు ప్రశ్న వెయ్యలేదు. బకెట్లోకి వచ్చిన మడ్డిలో చచ్చిపోయిన పిల్లలు తెల్లటి నలుసుల్లా కనబడితే, పైట నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని రొయ్య పిల్లలు పోయాయో లెక్క లేదు. నాకు ఎప్పుడూ ఏడుపు రాలేదు. ఏడవడం కూడా ఆమెకు బాగానే వచ్చు అనుకున్నాను.

ఆ తర్వాత మేత సగానికి తగ్గించాం. ఆమె ఒక్కసారే పోసేది. పోసి, మారు పెట్టకుండా ఉండటానికి చెంబు నా చేతికి ఇచ్చేసి బయటికి వెళ్లిపోయేది. ఈ పిల్లలకు ఒక దశ వస్తుంది. వంకీలన్నీ ముడుచుకుని, చిన్న పీపాలా గుండ్రబడి, తిండి మానేస్తాయి. అప్పుడు ఏమీ పెట్టకూడదు. ఆ దశలో ఆమె మొహం చూడాలి. పస్తున్న పిల్లల్ని వదిలి పెళ్లికి వెళ్లిన తల్లిలా అటూ ఇటూ తిరిగింది. మేము నాచు పట్టించిన ప్లాస్టిక్ పలకల్ని రెండు ట్యాంకుల్లోనూ దించి ఊరుకున్నాం.

పలకలు పైకి తీసిన రోజు సార్ భూతద్దం తెచ్చుకున్నారు. ముందు నా పలకలు చూశారు. నువ్వుగింజ కంటే చిన్న పిల్లలు అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి. "పర్లేదమ్మా" అన్నారు. తర్వాత ఆమె పలకలు తీశారు. పలక నిండా, మూలమూలనా పిల్లలే. అన్ని చచ్చాక, అంత గొడవ జరిగాక, నేను నడుం పడిపోయేలా మడ్డి లాగాక కూడా, ఆమెవే ఎక్కువ. గోడకు ఆనుకున్నాను. సార్ ఆమె వైపు తిరిగి, "ఇంకా చెప్పేదేముందమ్మా, నీ చెయ్యి" అని మొదలుపెట్టారు.

"నా చెయ్యి కాదండి" అంది ఆమె. "నా చేత్తో వీటిని చంపుకున్నాను సార్. అక్క చూడకపోతే ఆ ఆదివారమే అన్నీ పోయేవి. తనది కాని ట్యాంకు అంత పట్టించుకుని ఎవరు చూస్తారండి? గది అక్కకి ఇవ్వండి. నేను ప్యాకింగుకి వెళ్తాను."

ఆమె మామూలుగా అంది. త్యాగం చేస్తున్నట్టు గొంతు మార్చలేదు, నా వైపు చూడనైనా చూడలేదు. ఇంట్లో కూర గిన్నె పట్టుకుని వంగినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నాది కాని ట్యాంకును నేను ఎందుకంత పట్టించుకుని చూశానో ఆమెకు తెలుసా, తెలియదా? ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. తెలియకపోతే అమాయకురాలు. తెలిసే అని ఉంటే మాత్రం, ఆ మాట నేను తలుచుకోలేను. సార్ తల ఊపారు. నన్ను చూసి, "మంచి తోటికోడలు దొరికిందమ్మా నీకు" అన్నారు. అవునండి అన్నాను. ఇంకేమనను?

గది నాకు వచ్చింది. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. లోపల చల్లగా, శుభ్రంగా, నా కొలతల ప్రకారం అన్నీ జరుగుతాయి. ఆమె అవతల షెడ్డులో తడి నేల మీద నిలబడి సంచులు కడుతోంది. రేపల్లె వైపు రొయ్యల రైతులు సీడుకు వచ్చి, ఆ అమ్మాయి చేత్తో కట్టిన సంచులే కావాలని అడుగుతున్నారట. అది విని ఆ రోజు నాకు తలనొప్పి వచ్చింది.

మధ్యాహ్నం ఇద్దరం కలిసే తింటాం. నా గది గుమ్మంలో కూర్చుంటాం, షెడ్డులో కూర్చోవడానికి చోటుండదు. కూర ఆమెదే. నాకు పెడుతుంది, తను పెట్టుకుంటుంది. కాసేపయ్యాక గరిటె మళ్లీ నా కంచం మీదికి వస్తుంది. చాలంటాను. "ఇంత కొంచెం తిని లేస్తారా ఎక్కడైనా?" అంటుంది. తింటాను, బాగుంటుంది. నేను కోరుకున్న గది నాకు దక్కింది. గెలిచి తీసుకున్నదైతే హాయిగా ఉండేదాన్ని. ఆమె వడ్డించింది. అదే నాకు ఈ రోజుకీ అరగడంలేదు.